కర్నూలు వన్ టౌన్ నుంచి సెంట్రల్ యూనివర్సిటీ దాకా: మా ఆదివారం క్లాసుల గురించి నా అనుభవం

నేను ఇప్పుడు అనంతపురంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ చదువుతున్నా. మాది కర్నూలు, వన్ టౌన్. సీటు వచ్చినప్పటి నుంచి మా చుట్టాల్లో, మా గల్లీలో అడిగేవాళ్ళు ఎక్కువైనారు, ఎట్లా అప్లై చేసినావు, కోచింగ్ యాడ తీసుకున్నావు, ఎంత ఖర్చయింది, ఆడపిల్లని హాస్టల్‌కి మీ అబ్బా (నాన్న) ఎట్లా పంపించినాడు అని. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతారు, అందుకే నాకు గుర్తున్నదంతా ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా ఇంట్లో తొమ్మిది, పది చదివే పిల్లలున్నవాళ్ళు.

కోచింగ్ ఏమీ తీసుకోలేదు. మా పేటలో ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్ సార్, ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న కొంతమంది అన్నలు, ఒక లాయర్ ఆపా (అక్క) కలిసి ముస్లిం పిల్లల కోసం ఆదివారం క్లాసులు నడుపుతున్నారు. దానికి పేరు లేదు, బోర్డు లేదు, ఫీజు లేదు. తెలిసినవాళ్ళ స్కూల్లో రెండు రూములు ఇచ్చినారు, మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయినాక మొదలైతే సాయంత్రం అసర్ నమాజ్ దాకా, పరీక్షలప్పుడు పొద్దుగూకినాక మగ్రిబ్ దాకా. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా పిల్లలు వస్తారు. నేను టెన్త్ రాసిన ఎండాకాలంలో చేరినా, అది కూడా మా పక్కింటామె తన కూతుర్ని పంపిస్తూ నన్ను తోడు పిలిచింది కాబట్టి.

మొదటి రోజు సార్ పాఠం ఏమీ చెప్పలేదు. ఇరవై ఐదు మందిని లేపి వరుసగా నిలబెట్టినారు. తర్వాత ఒకమ్మాయిని మాత్రం ఉండమని మిగతా అందర్నీ కూర్చోమన్నారు. 2006లో ముస్లింల పరిస్థితి మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ రిపోర్టు వచ్చింది, దేశంలో పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్ళలో ఇరవై ఐదు మందికి ఒక్కరే ముస్లిం అని అందులో ఉంది, పీజీకి వచ్చేసరికి యాభై మందికి ఒక్కరు, అని చెప్పినారు. ఆ పిల్ల అట్లే నిలబడి ఉంది. ఆమెని అడిగినారు, ఇంటర్ తర్వాత ఏం చేస్తావమ్మా అని. తెలీదు సార్ అనింది. ఎందుకు తెలీదు అంటే, ఇంట్లో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు సార్ అనింది. సార్ ఇంకేం అనలేదు, బోర్డు మీద టెన్త్ అయినాక ఉన్న దారులన్నీ రాయడం మొదలుపెట్టినారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో టెన్త్ మార్కుల మీదే సీటు ఇస్తారని, రెండేళ్ళ పీయూసీ, నాలుగేళ్ళ బీటెక్ కలిపి ఆరేళ్ళ కోర్సని, పక్కన కడప జిల్లాలోనే ఉన్నా నాకు ఆ రోజు దాకా తెలీదు. పాలిటెక్నిక్‌కి పాలిసెట్, రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకి వేరే ఎంట్రన్స్, ఇంజనీరింగ్ అంటే ఈఏపీసెట్, దేశంలో ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలకి క్యూయెట్. క్యూయెట్ అనే మాట నేను వినడం అదే ఫస్ట్ టైమ్, అప్పటికి అది మొదలై కూడా ఎక్కువ కాలం కాలేదు, 2022లోనే వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పినారు ఆ రోజు. మనూర్లో ఉస్మానియా కాలేజీ ముందు నుంచి రోజూ పోతా వస్తా ఉంటారు కదా, అది ఎవరు పెట్టినారో ఎవరికన్నా తెలుసా అని. ఒక్కరు కూడా చెప్పలేదు. డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో పెట్టినారు, 2016లో కర్నూల్లో ఉర్దూ యూనివర్సిటీ వస్తే దానికి ఆయన పేరే పెట్టినారు. మనూరి మనిషి ఒకాయన కాలేజీ కట్టేంత పని చేసినాడు, మీరు కాలేజీలో చేరడానికి భయపడతారా అన్నారు. ఆ మాట మాత్రం నాకు గట్టిగా తగిలింది.

ఇంటర్‌లో నేను సీఈసీ, అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ తీసుకున్నా. దీనికి ఇంట్లో, బయట చాలా మాటలు పడినాయి. మన దగ్గర ఎంపీసీ, బైపీసీ కాకపోతే చదువే కాదు అనుకుంటారు, టెన్త్‌లో మంచి మార్కులొచ్చి సీఈసీ ఏంటి అని అందరూ అడిగేవాళ్ళు. లాయర్ ఆపా మా ఇంటికి వచ్చి అబ్బాతో మాట్లాడింది, అన్నా, నేను కూడా సీఈసీనే, తర్వాత లా చదివినా, ఇప్పుడు కోర్టులో నల్లకోటు వేసుకుంటున్నా, అని. అబ్బా లారీలకి, ఆటోలకి సీట్లు కుట్టే పని చేస్తాడు, లెక్కలు నోటితోనే వేస్తాడు కానీ చదువు ఐదో తరగతి దాకానే. ఆయన అడిగింది ఒక్కటే, దీనికి ఫీజు ఎంత అని.

ఇక అసలు విషయం, కాగితాలు. కాలేజీ ప్రిపరేషన్ అంటే పుస్తకాలు అనుకుంటాం కానీ మా పిల్లల్లో చాలామందికి సీటు పోయేది కాగితాల దగ్గరే. ఒక్క ఉదాహరణ చెప్తా. మేం ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం, ముగ్గురమూ ముస్లింలమే, ముగ్గురికీ మూడు రకాల సర్టిఫికెట్లు. ఒకమ్మాయి షేక్, ఆమెకి స్టేట్‌లో బీసీ-ఈ, అంటే 2007 నుంచి ఉన్న 4 శాతం రిజర్వేషన్. ఇంకొకమ్మాయి దూదేకుల, ఆమెది బీసీ-బి, పైగా సెంట్రల్ ఓబీసీ లిస్టులో కూడా దూదేకుల ఉంది. మేము పఠాన్లం, సయ్యద్, మొగల్, పఠాన్ ఇవన్నీ బీసీ-ఈలోకి రావు, కాబట్టి నాకు ఈడబ్ల్యూఎస్, అంటే వేరే రిజర్వేషన్ లేని పేద కుటుంబాలకి ఇచ్చే కోటా. ఈ తేడా పెద్దవాళ్ళకే తెలీదు, ముస్లిం అంటే బీసీ-ఈ అని అందరికీ ఒకటే అనుకుంటారు, ఆన్‌లైన్ సెంటర్‌లో కుర్రాడు ఏది టిక్ పెడితే అదే.

ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది ఏంటంటే, బీసీ-ఈ అనేది స్టేట్ లిస్టు. క్యూయెట్, జేఈఈ, నీట్ లాంటి నేషనల్ ఫామ్‌లలో ఓబీసీ అని అడిగితే అది సెంట్రల్ లిస్టు. రెండూ ఒకటి కాదు. మీ కులం పేరు సెంట్రల్ లిస్టులో ఉందో లేదో చూడకుండా ఓబీసీ టిక్ పెడితే తర్వాత సర్టిఫికెట్ చూపించమన్నప్పుడు ఇబ్బంది, సీటు చేతిదాకా వచ్చి పోతుంది. ఈడబ్ల్యూఎస్‌కి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, పొలం, ఇల్లు మీద కూడా రూల్స్ ఉన్నాయి, సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే పనిచేస్తుంది. అంటే పోయిన ఏడాది తీసుకున్నది దాచుకుని ఈ ఏడాది ఇస్తా అంటే కుదరదు, ఏప్రిల్ 1 తర్వాత కొత్తది తీసుకోవాలి.

పేర్ల సమస్య ఇంకొకటి, ఇది మన ఇళ్ళల్లో లేనివాళ్ళు లేరు. నా షేక్ ఫ్రెండ్ విషయమే చూడండి. టెన్త్ మెమోలో షేక్ ముందు, ఆధార్‌లో ఎస్ కే అని పొట్టిగా, బ్యాంకు పుస్తకంలో షేక్ చివర. వాళ్ళ నాన్న పేరు ఒకచోట బాషా, ఇంకోచోట బాష, రేషన్ కార్డులో ఇంటిపేరే లేదు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఐ (i) ఉందా, ఈ (e) రెండుసార్లు ఉందా, అదో తంటా. మనిషి ఒక్కటే, కాగితాల్లో నలుగురు. ఒక ఆఫీసులో అయితే కౌంటర్ దగ్గర మనిషి కాగితం చూడకుండానే వెనక్కి తోసేసినాడు, ఈ పేర్లతో మాకు తలనొప్పి అని. వాళ్ళమ్మ వచ్చేద్దాం పద అని చెయ్యి పట్టి లాగుతోంది. ఆ పిల్ల కదల్లేదు. సార్, ఎందుకు రిజెక్ట్ చేస్తున్నారో ఈ కాగితం మీద రాసివ్వండి, మేం సరిచేసుకుని వస్తాం అనింది, గొంతు పెంచకుండా. క్లాసులో ఆపా మాతో అట్లా అడగడం ప్రాక్టీస్ చేయించింది కాబట్టి ఆ మాట నోట్లోంచి వచ్చింది. ఆయన రాసివ్వలేదు కానీ కాగితం తీసి చూసినాడు, ఏం తేవాలో చెప్పినాడు.

మేం నేర్చుకున్నది ఏంటంటే టెన్త్ మెమోలో ఏ పేరుందో దాన్నే మూలం చేసుకుని మిగతా అన్నీ దానికి సరిపోయేలా మార్చుకోవాలి. ఆధార్‌లో పేరు మార్చడానికి రెండుసార్లే అవకాశం, పుట్టినతేదీ అయితే ఒక్కసారే, కాబట్టి ఊరికే మార్చేసేది కాదు. ఈ పని ఇంటర్‌లో పెట్టుకుంటే లేట్, తొమ్మిదో తరగతిలో టెన్త్ నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ళ పేర్ల లిస్టు) బోర్డుకి పోకముందే చూసుకుంటే సగం బాధ ఉండదు.

లీడర్‌షిప్ అని ఒక క్లాసు ఉండేది, దాని గురించి చెప్పాలి. నేను మొదట్లో స్టేజీ ఎక్కి స్పీచ్ ఇవ్వడం అనుకున్నా. స్పీచ్ కూడా ఉంది, ప్రతి ఆదివారం ఇద్దరు మూడు నిమిషాలు మాట్లాడాలి, మొదట తెలుగులో, అలవాటైనాక ఇంగ్లీషులో. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్ష ఇంగ్లీషులో, అందుకే నోరు తిరగడానికి టైమ్ పట్టింది. కానీ అంతకంటే నాకు పనికొచ్చింది మష్వరా, అంటే కలిసి కూర్చుని ఆలోచన చేయడం. ఏ పని చేయాలన్నా పిల్లలే కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించాలి. దానికి ఆపా ఒక రూల్ పెట్టింది, అందరికంటే చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, ఆ రోజు పెద్దగా కూర్చున్నవాళ్ళు చివర్లో మాట్లాడాలి. తొమ్మిదో తరగతి పిల్లలు మొదట గొంతు విప్పరు, మనం ఆగాలి, ఆ ఆగడం చాలా కష్టం. నాకు మధ్యలో దూరి నేనే చెప్పేద్దాం అనిపించేది. అబ్బాయిలు ఒకవైపు, మేం ఒకవైపు కూర్చునేవాళ్ళం, మా వైపు నుంచి వచ్చిన మాటని ఎవరూ పక్కన పెట్టకుండా ఆపా చూసుకునేది, తర్వాత తర్వాత ఆమె చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

మాట్లాడటంతో ఆపేస్తే లాభం లేదని ప్రతి ఇద్దరికి ఒక పని ఇచ్చినారు. నాకు, ఆ దూదేకుల అమ్మాయికి ఇచ్చింది ఎన్ఎంఎంఎస్. తెలీనివాళ్ళకి చెప్తున్నా, గవర్నమెంటు స్కూళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసే స్కాలర్‌షిప్ పరీక్ష ఇది, సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు, తల్లిదండ్రుల ఆదాయం 3.5 లక్షల లోపు ఉండాలి. రీజనింగ్ 90 మార్కులు, సబ్జెక్టులు 90 మార్కులు. మా ఏరియాలో ఒక స్కూల్‌కి పోయి పిల్లల పేర్లు రాసుకుని, ఇళ్ళకి పోయి తల్లులతో మాట్లాడి, ఇన్కమ్ సర్టిఫికెట్‌కి అప్లై చేయించి, సాయంత్రాలు రీజనింగ్ చెప్పినాం. పెద్ద కష్టం పరీక్ష కాదు, తల్లుల్ని ఒప్పించడం. ఒకామె అయితే గుమ్మం దగ్గరే నిలబెట్టి, మా వాడు ఎట్లాగూ వాళ్ళ మామ వెల్డింగ్ షాపుకి పోతాడు, ఎందుకమ్మా ఇవన్నీ అనింది. మేం వాదించలేదు. పరీక్ష రాయనీండి, డబ్బులొస్తే మీ వాడి అకౌంట్‌లోకే వస్తాయి, వద్దనుకుంటే అప్పుడు వద్దనుకోండి అన్నాం. వాడు సెలెక్ట్ అయినాడు, ఇప్పుడు స్కూల్లోనే ఉన్నాడు. సెలెక్ట్ అయినాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, ప్రతి ఏడాది రెన్యువల్ చేయాలి, ఇది చేయక వచ్చిన స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది. ఆ రెన్యువల్ లిస్టు ఇప్పటికీ మా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆడపిల్లల చదువు గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. కానీ మా గల్లీలో చూస్తే ఇప్పుడు టెన్త్ దాటి చదివేది ఆడపిల్లలే ఎక్కువ, మగపిల్లలు మెకానిక్ షాపు, వెల్డింగ్, చికెన్ సెంటర్, బిర్యానీ హోటల్ అని పదిహేనేళ్ళకే పనిలోకి పోతున్నారు. వాళ్ళ గురించి అడిగేవాళ్ళు తక్కువ. మా క్లాసులో లెక్కల్లో అందరికంటే ముందుండే ఒక అబ్బాయి రావడం మానేస్తే అన్నలు నేరుగా షాపుకే పోయినారు, వాళ్ళ నాన్నతో మాట్లాడి ఆదివారం మధ్యాహ్నం వరకు పని, తర్వాత క్లాసు అని ఒప్పించినారు. ఆయనకి కోపం రాకుండా, షాపు పనిని తక్కువ చేసి మాట్లాడకుండా మాట్లాడటం చూసినా, అదే నాకు లీడర్‌షిప్‌లో పెద్ద పాఠం అనిపించింది. ఆ అబ్బాయి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు.

క్యూయెట్ ప్రిపరేషన్‌కి వస్తే, మొదటి సమస్య పుస్తకాలు. మేం చదివేది స్టేట్ ఇంటర్ బోర్డు పుస్తకాలు, క్యూయెట్ వచ్చేది ఎన్సీఈఆర్టీ (కేంద్రం తెచ్చే పుస్తకాలు) పన్నెండో తరగతి సిలబస్ నుంచి. ఎకనామిక్స్‌లో కొన్ని పాఠాలు కలుస్తాయి, పొలిటికల్ సైన్స్‌లో చాలా తేడా. ఎన్సీఈఆర్టీ పుస్తకాలు వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంటాయి, అన్నలు ప్రింట్ తీయించి ఇచ్చినారు, ఒక సెట్టు నలుగురం తిప్పుకున్నాం. ఇంగ్లీషు, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, జనరల్ టెస్ట్, ఇవి నేను పెట్టుకున్నా. 2025 ప్యాటర్న్‌లో సబ్జెక్టుకి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, కరెక్టుకి 5 మార్కులు, తప్పుకి 1 పోతుంది, మొత్తం కంప్యూటర్ మీదే. మాలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు, మౌస్ పట్టుకోవడమే కొత్త. స్కూల్ వాళ్ళు ల్యాబ్ తాళం ఇస్తే అక్కడే మాక్ టెస్టులు రాసినాం.

మార్చి నెల మాత్రం మర్చిపోలేను. 2025లో ఇంటర్ సెకండియర్ పరీక్షలు, రంజాన్ రోజాలు, క్యూయెట్ అప్లికేషన్, మూడూ ఒకేసారి వచ్చి పడినాయి. సహరీకి (తెల్లవారుజామున తినడానికి) లేచినాక మళ్ళీ పడుకోకుండా ఫజర్ నమాజ్ తర్వాత చదివేదాన్ని, ఆ రెండు గంటలు తల చాలా తేటగా ఉండేది, పరీక్ష రాసొచ్చి జొహర్ తర్వాత కాసేపు పడుకునేదాన్ని. అమ్మీ ఇఫ్తార్ పనులకి నన్ను పిలవొద్దని చెల్లెలికి చెప్పింది, మన ఇళ్ళల్లో రంజాన్ సాయంత్రం ఆడపిల్లని వంటగదిలోకి పిలవకపోవడం అంటే ఎంత పెద్ద విషయమో ఆడపిల్లలకే తెలుస్తుంది.

పరీక్ష మేలో, జూలైలో స్కోరు వచ్చింది. ఇక్కడ చాలామందికి తెలీని విషయం, క్యూయెట్ స్కోరు వస్తే సీటు దానంతట అది రాదు. ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మళ్ళీ వేరేగా రిజిస్టర్ అవ్వాలి, ఢిల్లీ యూనివర్సిటీకి వేరే పోర్టల్, మిగతావాటికి వేరే, తేదీలు వేరే. స్కోరు బాగా వచ్చి కూడా ఇది చేయక ఇంట్లో కూర్చున్న అమ్మాయి నాకు తెలుసు. మేం గోడకి పెద్ద చార్టు అంటించి ఏ యూనివర్సిటీ, చివరి తేదీ ఎప్పుడు, ఎవరు చూడాలి అని రాసుకున్నాం.

ఢిల్లీ అంటే అబ్బా ఒప్పుకోలేదు. నేను ఏడవలేదని చెప్పను, కానీ ఆయన భయం ఉత్తదేమీ కాదు, మా వంశంలో ఆడపిల్ల హాస్టల్‌లో ఉండటమే మొదటిసారి. అనంతపురం అయితే హైవే మీద దాదాపు నూట యాభై కిలోమీటర్లు, బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటా. 2018లో పెట్టిన యూనివర్సిటీ, సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు ప్రైవేటు కాలేజీలంత ఉండదు. సార్ అబ్బాని పిలిచి కలాం గారి విషయం చెప్పినారు, మద్రాసులో ఇంజనీరింగ్ సీటు వస్తే ఫీజుకి డబ్బుల్లేక అక్క జోహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టిందని. అబ్బా అంతా విని, గాజులు అక్కర్లేదు సార్, హాస్టల్ చూసొస్తా అన్నాడు. చూసొచ్చినాడు. గేటు దగ్గర సెక్యూరిటీ, మెస్‌లో అన్నం, ఫోన్ సిగ్నల్, నమాజ్‌కి చోటు, అన్నీ అడిగి తెలుసుకున్నాడు, వచ్చి అమ్మీతో ఒకటే మాట, పంపిద్దాం అని.

దూదేకుల అమ్మాయి బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీకి అప్లై చేసింది, అక్కడ సొంత ఎంట్రన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి, ఇంట్లో పరిస్థితిని బట్టి ఫీజు మాఫీ, స్కాలర్‌షిప్ ఇస్తారు. ఇంటర్వ్యూకి మేం చాలాసార్లు మాక్ చేయించినాం. ఏం చేసినావు అని అడిగితే ఎన్ఎంఎంఎస్ పిల్లల సంగతి చెప్పు, బట్టీ పట్టిన స్పీచ్ వద్దు అన్నారు ఆపా. ఆమె అదే చెప్పింది, వెల్డింగ్ షాపు పిల్లవాడి విషయం కూడా చెప్పింది. సీటు వచ్చింది.

ఈ ఏడాది ఆదివారం క్లాసులకి తొమ్మిదో తరగతి బ్యాచ్ కొత్తగా మొదలైంది. సెలవులకి వచ్చినప్పుడు నేను, షేక్ ఫ్రెండ్ కలిసి కాగితాల క్లాసు తీసుకుంటున్నాం, ఆమె ఇప్పుడు కర్నూల్లోనే డిగ్రీ చదువుతోంది, లా చేయాలని ఉంది. మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే ముందు చేయాల్సిన పని చెప్తున్నా: బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి పిల్లల పేరు, అమ్మానాన్నల పేర్లు అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే స్కూల్ హెడ్‌మాస్టర్‌ని ఈ నెలలోనే కలవండి. మీ కులం ఏ లిస్టులో ఉందో, స్టేట్‌లో ఏంటి, సెంట్రల్‌లో ఏంటి, రాసి పెట్టుకోండి. కర్నూలు వాళ్ళైతే ఆదివారం జొహర్ తర్వాత పిల్లల్ని తీసుకుని రండి, అమ్మలు కూడా రావచ్చు, వాళ్ళు కూర్చోవడానికి వేరే రూమ్ ఉంది.